కిన్నెర నాదము - కంప్యూటరు
(లాడ్ బజారునందలి వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



నేటి యుదయమున సభకు వచ్చుచు, చార్మినారునకు పడమటనున్న ఈ లాడ్ బజారులో లక్కగాజులు చేయు నొక పనివాని యెదుట నిలిచితిని. సెగపై మెత్తబడిన లక్కను సాగదీసి, చుట్టి, చల్లారకముందే రాళ్లు పొదుగుచుండెను. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక సూచిక లభించినది. పనికి పేరు నిలిచినది. పనివానికి కూలి నిలిచినదా యని నాలో నేను తలచుకొంటిని. మన కిన్నెర విషయమునను నాకిదే చింత.

కిన్నెర నిన్నటిది కాదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కిన్నెర బ్రహ్మయ్య కథ కలదు. వెదురుదండి, సొరబుర్రలు, తంత్రులు, మైనముతో నిలిపిన మెట్లు, ఇవి దాని యంగములు. పన్నెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న కథను పాడిన మన డక్కలి బిడ్డ దర్శనం మొగులయ్యగారు 2022లో పద్మశ్రీ పురస్కారమునకు పాత్రులైరి. 

ఇప్పుడు కొందరు యువకులు కిన్నెర నాదమును కంప్యూటరులో నిలుపుదమనుచున్నారు. ఆ విధానమిది. ఒక్కొక్క మెట్టుపై స్వరమును మెల్లగను, గట్టిగను పలుమారులు మీటించి, నిశ్శబ్దమైన గదిలో మైకుతో పట్టుదురు. సీడీ ప్రమాణమున శబ్దమును సెకనుకు 44,100 మారులు కొలిచి అంకెలుగా వ్రాయుదురు. ఆ తునకలను కీబోర్డు మీటలకు జతపరతురు. ఏ మీటను ఎంత గట్టిగ నొక్కిరో 1983లో వెలసిన మిడి పద్ధతి యంత్రమునకు తెలుపును. అంతట కిన్నెర నెన్నడును ముట్టనివాడును దానిని పలికింపగలడు.

మా పినతండ్రిగారిచే నిట్లే మీటించి, పిదప కీబోర్డుపై వాయించి వినిపించిరి. ఆయన చాలసేపు విని, "పలుకు నాదేరా అబ్బాయీ, నడక నాది కాదు" అనెను.

కావున ఈ పని వలదని నేననను. మూడు మాటలు మాత్రము విన్నవింతును. చెవితో నిలిపిన మెట్లను కీబోర్డు కొలతకు సరిదిద్దరాదు. విడిస్వరములతో తృప్తిపడక, స్వరమునుండి స్వరమునకు జారుటను, కథానడుమ మీటు వరుసలను, కథను సమగ్రముగను పట్టి దాచవలయును. మూడవది మిక్కిలి ముఖ్యము. వాదకునకు ఒక దినపు కూలి యిచ్చి పంపినచో, ఆ నాదము నూరు సినిమాపాటలలో మ్రోగినను అతని యింట పొయ్యి వెలుగదు. మన కాపీరైటు చట్టము 1994 సవరణచే ప్రదర్శకుని హక్కును గుర్తించినది. 2012 సవరణచే వాణిజ్యోపయోగమునందు రాయల్టీకిని దారి చూపినది. అయినను వ్యాజ్యమునకు తావీయక, మీటుటకు ముందే పేరును, వాటాను ఒడంబడికలో వ్రాయించుకొనవలయును.

పోషక మహాశయులారా! మైకుకు ద్రవ్యమిచ్చునప్పుడే, ఒక వృద్ధ వాదకుని యొద్ద ఇద్దరు బాలురు కిన్నెర నేర్చుటకును ద్రవ్యమిండు. పలుకును యంత్రము దాచును. నడకను బిడ్డలే నేర్వవలయును.