చివరి ఒక్కరు మిగిలేదాకా

ఐర్లాండ్ ద్వీపం ఉత్తర భాగంలో, సముద్రపు పాయ ఒడ్డున, కాజిల్ వార్డ్ అనే పాత ఎస్టేట్ ఉంది. ఫిబ్రవరి చలిలో అక్కడ 'లాస్ట్ వన్ స్టాండింగ్' అనే పరుగు పందెం నడిచింది. దానికి ముగింపు గీత లేదు.

ఒక చుట్టు ఏడు కిలోమీటర్లకు కాస్త తక్కువ. గంటలోపు తిరిగి రావాలి. గంట కాగానే మళ్లీ బయల్దేరాలి. అర్ధరాత్రయినా, వాన పడినా అంతే. 24 చుట్లు తిరిగితే 100 మైళ్లు! అమెరికాలోని టెనెసీలో గ్యారీ కాంట్రెల్ మొదలుపెట్టిన పద్ధతి ఇది.

ఇందులో వేగానికి బహుమతి లేదు. ముందొచ్చినవాళ్లకు దక్కేది కొద్దిపాటి విశ్రాంతే. ఆ కాసేపట్లోనే తినాలి, తడిసిన సాక్సులు మార్చుకోవాలి, వీలైతే ఓ కునుకు తియ్యాలి. మూడు నిమిషాలుందనగా మూడు ఈలలు. రెండుకి రెండు. ఆఖరి నిమిషానికి ఒకటి. ఆ ఈలకు కుర్చీలోంచి లేవడమే అసలు కష్టం. అందుకే కొత్తగా వెళ్లేవాళ్లు ముందు అలవాటు చేసుకోవాల్సింది వేగం కాదు, నిదానం.

అందరూ ఆగిపోయాక, మిగిలిన ఒక్కరూ ఒంటరిగా మరో చుట్టు పూర్తిచెయ్యాలి. అప్పుడే విజేత. లేదంటే విజేతే లేరు.

2025లో ఆస్ట్రేలియాలో ఇలాంటి పందెంలోనే ఫిల్ గోర్ 119 చుట్లు తిరిగాడు. అంటే దాదాపు ఐదు రోజులు! న్యూజిలాండ్‌కు చెందిన సామ్ హార్వే 118 చుట్ల దాకా అతనితో నిలిచాడు. ఆ తోడు లేకపోతే గోర్ పరుగు ఎప్పుడో ఆగిపోయేది.