హక్కుగలవాని మాట

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా ముందు నాకు నేను, ఆ తర్వాత మీకు బోధిస్తున్నాను.

ఒక వ్యక్తి దైవప్రవక్త (స) వద్దకు వచ్చి తనకు రావలసిన ఒంటెను అడిగాడు. అడిగిన తీరు కటువుగా ఉంది. సహచరులు అతని మీదికి వెళ్ళబోయారు. ప్రవక్త (స) వారిని వారించి, హక్కుగలవానికి మాట్లాడే అధికారం ఉంటుందని చెప్పారు. అతని ఒంటె వయసుదే ఒకటి ఇవ్వమన్నారు. అంతకంటె మేలైనదే దొరకగా, దానినే ఇప్పించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. కాస్త ఆలోచించండి. బాకీ ఉన్నవారే మదీనా పాలకులు. చుట్టూ ఉన్నవారు ఆయన కోసం ప్రాణమిచ్చేవారు. ఆ మనిషి నోరు మూయించడానికి ఒక్క కనుసైగ చాలు. ఆయన మాత్రం తనవారి చేతులనే ఆపారు.

ఇక మన హైదరాబాద్ సంగతి చూడండి. ఇందిరా పార్కు వద్ద ధర్నా చౌక్ ఉంది. ఉద్యోగులు, రైతులు, విద్యార్థులు, మన సముదాయం వారు కూడా ఏళ్ళ తరబడి అక్కడ కూర్చుని తమ గోడు చెప్పుకున్నారు. 2017లో ప్రభుత్వం అక్కడ నిరసనలు వద్దని, నగర శివార్లలో స్థలాలు చూపింది. ఆ ఏడాది మే 15న చౌక్ కావాలన్నవారికీ వద్దన్నవారికీ ఘర్షణ జరిగింది. చివరకు 2018లో హైకోర్టు అక్కడ నిరసనలకు మళ్ళీ వీలు కల్పించింది. చుట్టుపక్కల నివసించేవారికి మైకుల హోరు, రాకపోకల ఇబ్బంది ఉన్న మాట నిజమే. దానికి వేళలు, హద్దులు నిర్ణయించవచ్చు. కాని బాకీ అడగవచ్చిన వానిని ఊరవతలకు పోయి అడగమనడం బాకీ ఎగవేయడం వంటిదే. బహిరంగ సభలను పోలీసులు క్రమబద్ధం చేయవచ్చు గాని, ఇష్టానుసారం కాదనే అధికారం వారికి ఉండరాదని సుప్రీంకోర్టు 1972లోనే అహ్మదాబాద్‌కు చెందిన హిమ్మత్‌లాల్ షా కేసులో తేల్చింది. అయినా నేటికీ ఊరేగింపు జరగకముందే నాయకుల గుమ్మాల ముందు తెల్లవారుజామున పోలీసులు నిలబడటం మన రెండు రాష్ట్రాలలోనూ వింత కాదు. ఏ పార్టీ గద్దెనెక్కినా ఈ అలవాటు మారలేదు.

హజ్రత్ అలీ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో ఖారిజీలు కూఫా మస్జిదులోనే, ఆయన ప్రసంగిస్తూ ఉండగానే, ఎదురు నినాదాలు చేసేవారు. వారి మాట సత్యమే గాని ఉద్దేశం అసత్యమని ఆయన జవాబిచ్చారు. మస్జిదుల నుండి వారిని ఆపబోమని, ప్రజాధనంలో వారి వాటా నిలిపివేయబోమని, వారు మొదలుపెట్టనంతవరకు యుద్ధం చేయబోమని మాట ఇచ్చారు. వారు అమాయకుల రక్తం చిందించిన పిమ్మటే నహ్రవాన్‌లో వారితో పోరాడారు. నినాదానికీ కత్తికీ మధ్య గీత ఎక్కడ ఉండాలో దీనికంటె స్పష్టంగా చూపిన పాలకులు అరుదు.

ఈ వరుసలలో పోలీసు శాఖలో పనిచేసే సోదరులు ఉండవచ్చు. వారి ఉద్యోగం కష్టమైనది. అయినా సృష్టికర్తకు అవిధేయతయ్యే విషయంలో ఏ సృష్టి ఆజ్ఞా పాటించవలసినది కాదు. చేతిలో ఏ ఆయుధమూ లేక కూర్చున్న వానిపై లాఠీ ఎత్తినప్పుడు, ఆజ్ఞ ఇచ్చిన అధికారితో పాటు ఎత్తిన చేతిని కూడా ప్రళయ దినాన విచారిస్తారు.

నిరసనకు వెళ్ళే యువకులారా! దారిలో కూర్చునేవారు దారి హక్కును చెల్లించాలని ప్రవక్త (స) ఆదేశించారు. అంబులెన్సును ఆపకండి, రాయి తాకకండి, బస్సు అద్దాలు పగులగొట్టకండి. మనకు నచ్చని మాట చెప్పడానికి రేపు మరొక వర్గం అదే చౌక్‌లో కూర్చుంటే, వారికీ అనుమతి ఉండాలని మనమే కోరాలి. ఒక జాతి పట్ల ద్వేషం మిమ్మల్ని అన్యాయానికి పురికొల్పరాదన్న అల్‌మాయిదా సూరా ఆదేశం ముందు మనకే వర్తిస్తుంది.

ఈ మాటలు పలుకుతూ, నా కొరకు, మీ కొరకు, సమస్త ముస్లిముల కొరకు అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాను. మీరు కూడా ఆయననే క్షమాభిక్ష వేడుకోండి.