బడి మారే చోట తోడు కావాలి

 

మన పిల్లల చదువును గురించి ఎక్కడ సభ జరిగినా 2006 నాటి సచార్ కమిటీ నివేదికతో మొదలుపెట్టడం మనకు అలవాటు. ఆ నివేదిక చెప్పిన వెనుకబాటు కాదనలేనిదే. అయితే నేడు మేము ఒక్క చోటునే చూపదలచాము. పిల్ల ఉర్దూ బడి విడిచి హైస్కూలు గడప తొక్కే చోటు అది.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణంలో చెప్పింది. ఆ దశ దాటిన తరువాత ఐదో తరగతికో, ఏడో తరగతికో బడి మారవలసి వస్తే, ఉర్దూలో లెక్కలు నేర్చిన పిల్ల ఒక వేసవి గడిచేసరికి తెలుగు, ఇంగ్లీషు మాటల నడుమ కూర్చుంటుంది. 'కసర్' అంటే లెక్క చేసి చూపగలదు. 'భిన్నం' అంటే బిక్కమొగం వేస్తుంది. తెలియనిది లెక్క కాదు, మాట. నోరు మెదపని పిల్లకు చదువు రాదని తరగతి తీర్మానిస్తుంది. కొన్నాళ్లకు ఇల్లూ ఆ మాటే నమ్ముతుంది. ఆడపిల్ల విషయంలో ఈ నమ్మకం మరింత త్వరగా కుదురుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం రక్షణ పద్నాలుగేళ్ల వరకే.

అందువల్ల ప్రతి ఉర్దూ బడికీ దాని పిల్లలు చేరబోయే హైస్కూలుతో ముందుగానే జత కుదరాలని మేము కోరుతున్నాము. ఇది కొత్త ఊహ కాదు. చుట్టుపక్కల బడులు ఒక సముదాయంగా పనిచేయాలని 1964-66 నాటి కొఠారీ కమిషనే సూచించింది. సముదాయ సమావేశాలు ఉపాధ్యాయులకు జరుగుతూనే ఉన్నాయి. పిల్లలను కలపడమే మిగిలింది. చివరి ఏడాదిలోనే పిల్లలు హైస్కూలుకు పోయి తరగతిలో కూర్చోవాలి. అక్కడి తొమ్మిదో తరగతి విద్యార్థిని ఒకరు ఒక పిల్లకు తోడుగా నిలవాలి. ఉర్దూ, తెలుగు లెక్కల మాటలను ఇద్దరూ ఒకే నోటుపుస్తకంలో పక్కపక్కన రాసుకోవాలి.

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. పత్తికి పేరుపడిన ఈ ప్రాంతంలో తరతరాలుగా దూది ఏకిన నూర్‌బాషా కుటుంబాల ఇంటి భాష తెలుగు. ఉర్దూ రాదని మనలోనే కొందరు వారిని తక్కువగా చూశారు. నేడు మన పిల్లలకు అవసరమైన తెలుగు ఆ ఇళ్లలోనే ఉంది. తోడు అడగడానికి మొదట వారి గడపకే పోదాము. అడిగే ముందు పాత మాటలకు క్షమాపణ కూడా చెప్పుదాము.

సుగ్గికి పోయే ఇళ్ల సంగతి వేరు. పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు తల్లిదండ్రులు కదిలితే పిల్లలూ కదులుతారు. మరో బడికి మారే హక్కు విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్‌లో ఉంది. టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకపోవడం కుదరదు. ఈ సంగతి బండి ఎక్కేలోపు తల్లికి చెప్పవలసింది తోడు నిలిచినవారే. తిరిగి వచ్చిన రోజున ఇంటికి పోయి పిలవవలసిందీ వారే.

ఎనిమిదో తరగతిలో జాతీయ ఉపకార వేతన పరీక్ష, ఎన్‌ఎంఎంఎస్, ఉంటుంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలు రాయవచ్చు. ఎంపికైతే తొమ్మిది నుండి ఇంటర్ వరకు ఏడాదికి 12,000 రూపాయలు. కుటుంబ ఆదాయం 3,50,000 రూపాయలు మించరాదు. మైనారిటీ ప్రీమెట్రిక్ ఉపకార వేతనాన్ని 2022-23 నుండి తొమ్మిది, పది తరగతులకే కుదించిన తరువాత ఈ పరీక్ష విలువ పెరిగింది. ఆదాయ ధ్రువపత్రం కోసం గడువు చివరి రోజున పరుగెత్తడం మాత్రం మానలేదు మనం. డిగ్రీ చదువుతున్న మన పిల్లలు వారానికి ఒక పూట ఈ కాగితాల పనికి ఇవ్వగలరు.

కూర్చోవడం బడిలోనే జరగాలి, ఉపాధ్యాయుల కళ్లెదుట. ఆడపిల్లలకు ఆడపిల్లలే తోడు. ఈ రెండు కట్టుబాట్లూ లేకపోతే తల్లులు పంపరు, పంపకూడదు కూడా.

రంజాన్‌లో నోటుపుస్తకాలు పంచే దాతలను ఒకటే అడుగుతున్నాము: ఈసారి ఆ పిల్లల పేర్లు కూడా రాసుకోండి. బడులు తెరిచిన మొదటి వారం ఆ జాబితాను హైస్కూలు హాజరుపట్టీతో సరిచూద్దాము. పేరు కనిపించని ఇంటికి ఆ సాయంత్రమే బయలుదేరుదాము.