విత్తుటకు ముందు కొయ్యకాళ్లను దుక్కిలో కలుపుట

ఈ యుపన్యాసము చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు వాడలలో నివసించుచు, పల్లెయందలి పొలమును కౌలున కిచ్చియున్న వారి నుద్దేశించినది. ఈ వాడలలో నిప్పుడు నాగలి సాగు నేల లేదు. అయినను యాసంగి వరికోత ముగిసిన పిమ్మట గడ్డికి నిప్పు పెట్టవలెనా, దున్నవలెనా యను ప్రశ్న టెలిఫోనులో నిచ్చటికే వచ్చును. ఉత్తరువు నిచ్చటినుండియే పోవును.

యంత్రముతో కోసిన మడిలో కొయ్యకాళ్లును, వరుసలుగా పడిన గడ్డియు మిగులును. చేతికోత నాళ్లలో నా గడ్డి వామికి చేరెడిది. నేడు పశువులు తగ్గినవి, కూలి పెరిగినది, అగ్గిపుల్ల చవుక. కాని టన్ను వరిగడ్డిలో సుమారు 5 కిలోల నత్రజని యుండును. మంటలో నది యించుమించు యావత్తును గాలిలో కలియును. పొటాషు బూడిదలో నిలుచును గాని, వైశాఖపు సుడిగాలి యా బూడిదను పొరుగువాని చేనికి దానము చేయును. నిప్పు పెట్టిన పురుగు చచ్చునని కొంద రందురు. కొయ్యకాలి మొదట దాగిన పురుగు లోతు దుక్కిచేతను, నీటి నిలువచేతను గూడ నశించును.

వేసవి వానకు నేల పదునైనప్పుడు రోటవేటరు గాని నాగలి గాని నడిపి గడ్డిని నాలుగైదు అంగుళముల లోతున కలుపవలెను. చల్క నేలలో జాగు చేయరాదు. ఆరినచో రాయివలె బిగియును. రేగడిని మిక్కిలి తడిమీద దున్నరాదు, పెళ్లలు గట్టును. పదును లేనిచో గడ్డి కుళ్లదు గాన, బావిలో నీరున్నవారు వానకై కనిపెట్టుకొనియుండక యొక తడి పెట్టుట మేలు.

దున్నిన వెంటనే విత్తుట మాత్రము కూడదు. గడ్డిని కుళ్లించు సూక్ష్మజీవులు తమ యాహారమునకై నేలలోని నత్రజనిని కొంతకాలము లాగుకొనును. మొలకలు పసుపు వన్నెకు తిరుగును. కాపు దానిని తెగులనుకొని మందు కొట్టును. మూడు నాలుగు వారముల గడువు వలయును. మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతమున ప్రవేశించును గనుక, వెదజల్లు సాగు చేయువారు వైశాఖములోనే దుక్కి ముగింపవలెను. గడువు చాలనిచో పశువుల యెరువు గాని కొంచెము యూరియా గాని దుక్కిలో వేయుట యుక్తము.

జొన్న చేని సంగతి వేరు. కాండము తొలుచు పురుగు కొయ్యలలోనే వేసవి గడుపును. గుంటక తోలి కొయ్యలను వేళ్లతో లేపి యెండకును పక్షులకును నప్పగింపవలెను. పురుగు మెండుగా నున్నచో కొయ్యల నేరి పొయ్యిలోనికి వాడుకొనుట మంచిది.

ఇక ఖర్చు మాట. మరుసటి యేడు భూమి దక్కునో లేదో తెలియని కౌలుదారు నేల బలమునకై ట్రాక్టరు బాడుగ పెట్టుకొనడు. అతనిని తప్పు పట్టరాదు. బలపడిన నేల యజమానిదే గదా. దున్నుమని టెలిఫోనులో చెప్పువారు బాడుగలో సగమైనను భరింపవలెను, లేదా కౌలు గడువును మూడేండ్లకు వ్రాసి యియ్యవలెను. ఆ సొమ్ము కోతకు ముందే పల్లెకు చేరవలెను. గడ్డి యెండిన పిదప చేరినచో నప్పటికే మడి నల్లబడియుండును.