డీజిలు బండి, మసి వడపోత
(మంచిర్యాల ప్రాంతపు వాహన చోదకుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



మన మంచిర్యాల బొగ్గుగనుల సీమ. బొగ్గును, ఇసుకను, ధాన్యమును మోయు డీజిలు బండ్లు రేయింబవళ్లు మన ఊళ్ల మీదుగా సాగుచున్నవి. డీజిలు పొగ క్యాన్సరు వ్యాధికి కారణమగునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2012లో నిర్ధారించినది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట అమలునకు వచ్చిన భారత్ స్టేజ్ 6 నియమముల మూలమున కొత్త డీజిలు కార్లకు, లారీలకు పొగగొట్టపు మార్గమున మసి వడపోత అమర్చబడుచున్నది. దీనినే మెకానిక్కులు డి.పి.ఎఫ్. అందురు.

ఇది తేనెపట్టును బోలిన పింగాణీ దిమ్మ. ఇందలి సన్నని గొట్టములలో ఒకదానికి ఈ కొన, ప్రక్కదానికి ఆ కొన మూయబడి యుండును. కావున పొగ గోడల సూక్ష్మరంధ్రముల గుండ పోక తప్పదు. మసి లోపలనే చిక్కుకొనును. అది పేరుకొన్నకొలది పొగకు దారి తగ్గి ఇంజను బలము సన్నగిల్లును.

మసియు బొగ్గు జాతిదే. చాలినంత వేడి తగిలిన గాని కాలదు. బండి బరువుతో పెద్ద రహదారిపై చాలసేపు పోవునపుడు పొగవేడికే కొంత మసి హరించును. ఊరిలో ఆగుచు సాగుచు తిరుగు బండికి ఆ వేడి చాలదు. అప్పుడు వడపోతకు ముందు వెనుకల గల ఒత్తిడి భేదమును బట్టి ఇంజను కంప్యూటరు మసి నిండినదని గ్రహించి, కొంత డీజిలును అదనముగా చిమ్మించును. అది వడపోతకు ముందున్న ఉత్ప్రేరకముపై దహింపబడి, పొగవేడిని సుమారు 600 సెంటిగ్రేడు డిగ్రీలకు పెంచును. మసి వాయువుగా మారి వెడలిపోవును. కార్లలో సాధారణముగా ఇందుకు 10 నుండి 20 నిమిషములు పట్టును. దీనికే రీజనరేషన్ అని పేరు.

చోదకులు ఇందు పాటింపవలసిన జాగ్రత్తలు కొన్ని గలవు. వడపోత దీపము వెలిగినచో ఇంజను నాపక, బండితో నిచ్చిన పుస్తకమున చెప్పిన వేగమున రహదారిపై నడుపవలెను. మాటిమాటికి మధ్యలో ఆపినచో మండని డీజిలు ఇంజను నూనెలో కలిసి దానిని పలుచబరచును. మసి కాలుచున్నప్పుడు గాని, కాలిన వెంటనే గాని గడ్డివాముల చెంత, కల్లములలో, ఎండుటాకులపై బండిని నిలుపరాదు. నిప్పంటుకొను ప్రమాదము గలదు. పిల్లలను పొగగొట్టము దరికి రానీయరాదు.

ఇంజను నూనె వలన చేరు బూడిద మాత్రము ఎంత వేడికిని కాలదు. దానిని కొంతకాలమున కొకసారి వర్క్‌షాపులో తీయించవలెను. బండికి నిర్దేశించిన తక్కువ బూడిద నూనెనే వాడవలెను.

ఖర్చు కలిసివచ్చునని ఈ దిమ్మను ఊడదీయించుట నియమ విరుద్ధము. అట్లు వెడలు మసిని పీల్చువారు దారి వెంట బడికి పోవు మన బిడ్డలే. ఇరువది నిమిషముల ఓపికతో వారి ఊపిరిని కాపాడుదము.