ఇచ్చే భాగ్యము
(స్త్రీల సమాజ కూడికలో చేసిన ప్రసంగము)



ఈ సాయంకాలము ఒక తల్లిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. ఆమె పేరు హెన్రియెట్టా లాక్స్. అమెరికాలోని వర్జీనియాలో పొగాకు పొలములలో పనిచేసి పెరిగిన నల్లజాతి స్త్రీ. ఐదుగురు బిడ్డల తల్లి. 1951లో గర్భాశయ ముఖద్వార క్యాన్సరుతో బాల్టిమోరులోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రికి వెళ్లినది. అక్కడి వైద్యులు ఆమె కణితినుండి చిన్న ముక్కను పరిశోధనకై తీసిరి. ఆమెను అడుగలేదు. ఆ రోజులలో అడిగే ఆచారమే లేదు. ఆ అక్టోబరు 4న, 31 ఏండ్ల వయస్సులో ఆమె కన్నుమూసినది.

ఆమె పోయినను ఆమె జీవకణములు చావలేదు. ప్రయోగశాలలో దినదినము రెట్టింపగుచు పెరిగినవి. జార్జి గై అను శాస్త్రజ్ఞుడు వాటిని తోటి పరిశోధకులకు ఉచితముగానే పంచెను. పోలియో టీకాను పరీక్షించుటకు ఈ ‘హీలా’ కణములే తోడ్పడినవి. పిమ్మట వ్యాపార సంస్థలు వాటిని పెంచి అమ్మసాగినవి. ఇరువది ఏండ్లకు పైగా కుటుంబమునకు ఈ సంగతి తెలియనే తెలియదు. ఆమె బిడ్డలలో కొందరికి వైద్య బీమా సైతము లేకుండెను.

“పారవేయు ముక్కయే గదా, దానికి వెల యేమి?” అని కొందరందురు. శాస్త్రజ్ఞుల శ్రమ లేనిదే అది లోకమునకు ఉపయోగపడదు, నిజమే. ఆ శ్రమకు ప్రతిఫలము న్యాయమే. కాని విత్తనము ఒకరిది, సేద్యము మరొకరిది అయినప్పుడు, పంట ఇంటికి చేరిననాడు విత్తనమిచ్చిన గడపను మరచుట మన పల్లెలలో ఎవరొప్పుకొందురు?

1990లో జాన్ మూర్ అను రోగి వ్యాజ్యములో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, తీసివేసిన కణములపై రోగికి ఆస్తిహక్కు లేదనెను. అయితే వైద్యుడు తన ఆర్థిక ప్రయోజనమును రోగికి ముందుగా తెలుపవలెననియు చెప్పెను. 2023లో లాక్స్ కుటుంబమునకు, థెర్మో ఫిషర్ అను సంస్థకు రాజీ కుదిరినది. షరతులు బయటపెట్టలేదు. ఆమె మరణించి అప్పటికి దాదాపు 72 ఏండ్లు!

ప్రియులారా, అడిగియుంటే ఆమె సంతోషముగా ఇచ్చియుండెడిదేమో. ధనము సంగతి అటుంచుడి. ఇచ్చే భాగ్యమునే ఆమెకు లేకుండ చేసిరి. అడిగి పుచ్చుకొన్నది దానము. అడుగక తీసికొని అమ్ముకొన్నది ఎంత మేలు చేసినను, అప్పుగానే మిగులును.

ఆసుపత్రులలో పనిచేయు మన సంఘ యువతీయువకులారా, చదువురాని తల్లి కాగితముపై వేలిముద్ర వేయుటకు ముందు, అందులో ఏమున్నదో ఆమెకు తెలియునట్లు చదివి చెప్పుడి. ఆమె వద్దన్నచో ఆ మాటను మన్నించుడి.