త్వష్ట చేవ్రాలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మహాభారతమున అరణ్యపర్వము చదివినవారికి దధీచి మహర్షి తన యెముకలను దేవతలకు దానము చేయుటయు, ఇంద్రుడు వజ్రాయుధముతో వృత్రుని వధించుటయు జ్ఞప్తియందుండును. ఆ యెముకలను వజ్రముగ మలచిన త్వష్టను తలచువారు మాత్రము అరుదు. ఋషి త్యాగమునకును, వీరుని పరాక్రమమునకును నడుమ ఒక పనివాని నేర్పు కలదు. నేటి రక్షణ పరిశ్రమలో ఆ స్థానమున నున్నవాడు యాంత్రిక ఇంజనీరు.

అతని పని యెట్టిదో తెలియుటకు దూరము పోనక్కరలేదు. వానకాలమున శబరిలో పడవ నడపువాడు జనమును ఎక్కించుకొనుటకు ముందు పలకల సందులు తడవి చూచును. రేవున నిలిచినవారు తొందరపెట్టుదురు. సందేహమున్న పడవను విప్పకుండుట అతని ధర్మము. ఆవలి గట్టున రోగి యెదురుచూచుచుండగా ఊరక జాగు చేయకుండుటయు అతని ధర్మమే. యుద్ధవిమానము నిర్మించు ఇంజనీరునకును ఈ రెండు ధర్మములు కలవు. లోహము వేడికి సాగును, చలికి ముడుచుకొనును, అదరి అదరి కంటికి కానరాని బీటలు వారును. ప్రతి భాగమునకును బరువెంత, బలమెంత, ఆయువెంత యని లెక్కకట్టి పరీక్షింపవలెను. పదవి పెరిగినకొలది అతడు స్వయముగ గీయు పటములు తగ్గును; ఇతరులు గీసిన పటములపై చేయు చేవ్రాలు పెరుగును. ఆ చేవ్రాలును నమ్మి పైలటు ఆకాశమునకు ఎగయును.

ఇందుకు కోట హరినారాయణగారి జీవితము మంచి నిదర్శనము. ఆయన 1943లో బరంపురమున జన్మించిరి. చింతూరును చుట్టియున్న ఈ తూర్పు కనుమలే ఉత్తరమున ఆ పట్టణపు దాపునకును సాగును. ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయమున యాంత్రిక ఇంజనీరింగు చదివి, బెంగుళూరు, బొంబాయి నగరములలో పై చదువులు ముగించి, స్వదేశీ తేలిక యుద్ధవిమాన నిర్మాణమునకు ప్రధాన రూపశిల్పిగ సారథ్యము వహించిరి.

ఆ విమానదేహపు బరువులో సుమారు 45 శాతము లోహము కాదు. కార్బను నారను జిగురుతో బిగించి చేసిన పదార్థము. చురుకుదనము కొరకు దానిని స్వతస్సిద్ధముగ నిలకడలేనిదిగ రూపొందించిరి. కంప్యూటర్లు క్షణక్షణము సర్దుచు దానిని నిలుపవలెను. 1998 మే నెలలో పోఖ్రానులో అణుపరీక్షలు జరిగిన పిమ్మట అమెరికా ఆంక్షలు విధించెను. విమాన నియంత్రణ పనిలో అచ్చటినుండి వచ్చుచుండిన తోడ్పాటు నిలిచిపోయెను. మిగిలిన పనిని మన ఇంజనీర్లే బెంగుళూరులో పూర్తిచేసిరి. 2001 జనవరి 4న రాజీవ్ కోఠియాల్ అను పైలటు ఆ విమానమును తొలిసారి ఎగురవేసి క్షేమముగ దింపెను. 2002లో హరినారాయణగారికి పద్మశ్రీ లభించెను. 2003లో విమానమునకు తేజస్ అని నామకరణము జరిగెను. 2016 జూలైలో తొలి తేజస్ దళము వాయుసేనలో ఏర్పడెను.

ఇంత ఆలస్యమేల యని పలువురు నిందించిరి. ఆ నింద పూర్తిగ అన్యాయము కాదు. క్రొత్త విమానములు చాలినన్ని చేతికందనందున వాయుసేన పాత మిగ్-21లను 2025 సెప్టెంబరు వరకు నడుపవలసివచ్చెను. ఆలస్యపు భారమును మోసినది ఆ పైలట్లే. ఐనను తొందరపడని పనికి ఫలమును కనబడినది. తొలి ప్రయాణము మొదలు 2024 మార్చి 12 వరకు, 23 సంవత్సరములు, ఒక్క తేజస్ అయినను కూలలేదు. ఆ దినమున జైసల్మేరు దగ్గర ఒకటి కూలగా పైలటు ప్రాణములతో బయటపడెను. 2025 నవంబరు 21న దుబాయి ప్రదర్శనలో మరియొకటి కూలి పైలటు వీరమరణము నొందెను. ఎన్నియేండ్ల మంచిపేరైనను మరునాటి పరీక్షకు బదులు కానేరదు. తొందర యొక దోషము, జాగు మరియొక దోషము; ఆ రెంటి నడుమ నిలిచి, ఎవరి ఒత్తిడికిని లొంగక, సరియైన దినమున చేవ్రాలు చేయుటయే పెద్ద ఇంజనీరు విద్య.

ఈ విద్యకు పునాది గణితము, పదార్థశాస్త్రము, ఓర్పు. ఈ మన్యపు కోయ, కొండరెడ్డి బాలబాలికలకు ఓర్పు నేర్పనక్కరలేదు. కొండయు ఏరును దానిని నేర్పియేయున్నవి. తక్కిన రెండును అందించుట గ్రంథాలయము వంతు. భారత భాగవతముల సరసన గణిత, యంత్రశాస్త్ర గ్రంథములును ఈ బీరువాలలో చేరుగాక! చదువరుల చేతులలో అవి నలిగి పాతబడుగాక!

స్వస్తి.